కొనేముందు ఆ కడ్డీ లాగి చూడండి

ఆగస్టులో ఇక్కడ యూనివర్సిటీలు తెరుస్తారు. జూలై నుంచే డాలస్ చుట్టుపక్కల మనవాళ్లుండే అపార్ట్‌మెంట్లలో పాత కార్ల బేరాలు జోరందుకుంటాయి. తప్పదు మరి. మన పిల్లలు బాగా చేరే ఆర్లింగ్టన్‌లో మామూలు సిటీ బస్సు అన్నదే లేదు. నాలుగైదు వేల డాలర్లకు వచ్చేది ఏ 2003 క్యామ్రీయో, 2005 అకార్డో. మీటరు మీద లక్షా ఎనభై వేల మైళ్లుంటాయి. ఆ డబ్బులో చాలామటుకు గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అమ్మానాన్నలు పంపిందే. అందుకే ఈ సంగతి పిల్లల కంటే ముందు వాళ్లకు చెప్పాలనిపించింది.

కారు చూడ్డానికి తోడు రమ్మని కుర్రాళ్లు నన్ను పిలుస్తుంటారు. నేను మెకానిక్‌ని కాను, నరసరావుపేటలో లారీల మధ్య పెరిగినవాణ్ణి, అంతే. వీళ్లు ఏసీ వేసి చూస్తారు, టైర్లు చూస్తారు, బ్లూటూత్ కలుస్తుందో లేదో చూస్తారు, యాక్సిడెంటు చరిత్ర తెలిపే రిపోర్టు కొంటారు. కాస్త తెలిసినవాడైతే ఇంజన్ ఆయిల్ కూడా చూస్తాడు. గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి ఒక్కడూ ఎత్తడు. పాత ఆటోమేటిక్‌లో జేబు ఖాళీ చేసేది సరిగ్గా అదే. గేర్‌బాక్స్ పోయిందంటే బాగుచేయించడానికి మూడు నాలుగు వేల డాలర్లు అడుగుతారు. అంటే కారు పెట్టి కారు కొన్నట్టే.

మాన్యువల్ బండిలో గేర్ ఆయిల్ పళ్లు అరగకుండా కాపాడితే చాలు. ఆటోమేటిక్‌లో ఆ ఆయిలే సగం యంత్రం. ఇంజన్ తిప్పిన తిప్పుడును టార్క్ కన్వర్టర్‌లో గేర్‌బాక్స్‌కు అందించేది అది. లోపలి క్లచ్ ప్లేట్లను ఒత్తిడితో బిగించి గేరు మార్చేది అది. వేడిని రేడియేటర్ దాకా మోసుకుపోయేదీ అదే. మట్టం తగ్గితే పంపు ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది, ప్లేట్లు జారి కాలిపోతాయి. ఎక్కువైతే తిరిగే భాగాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి. నురగలో ఉండేదీ గాలే కాబట్టి చివరికి జరిగేదీ అదే. టెక్సస్ ఎండాకాలం మా రెంటచింతల ఎండలకు ఏమాత్రం తీసిపోదు. ఆయిల్‌కు వేడిని మించిన శత్రువు లేదు.

ఆ ఆయిల్ మట్టం చూసేది గొట్టంలో దించి ఉండే సన్నటి కడ్డీతో, అంటే డిప్‌స్టిక్‌తో. చూసే పద్ధతి దగ్గరే తికమక. మొన్న ఓ కుర్రాడితో అకార్డ్ చూడ్డానికి వెళ్లాను. “అంకుల్, ఇంజన్ ఆన్‌లో ఉండగానే కడ్డీ తీయాలంట, వీడియోలో చూశా” అన్నాడు. వాడు చూసింది టయోటా వీడియో. పాత క్యామ్రీకి అది నిజమే. బండి బాగా నడిపి వేడెక్కాక చదునైన చోట ఆపాలి. బ్రేకు మీద కాలుంచి లివర్‌ను పి నుంచి ఎల్ దాకా, మళ్లీ పి దాకా నెమ్మదిగా తిప్పాలి. ఇంజన్ నడుస్తుండగానే కడ్డీ లాగి, తుడిచి, మళ్లీ దించి తీసి చూడాలి. కడ్డీ మీద వేడికి ఒక గుర్తు, చల్లకు ఒక గుర్తు ఉంటాయి. హోండావాళ్లది వేరే దారి. రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఇంజన్ నడిపి, ఆపేసి, 60 సెకన్లు ఆగి, 90 సెకన్లు దాటకుండా చూడమంటుంది అకార్డ్ పుస్తకం. రెండింటినీ ఒకే తీరున చూస్తే ఏదో ఒకదాని లెక్క తప్పుతుంది. గ్లవ్ బాక్సులో ఆ పుస్తకం లేకపోతే కంపెనీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. వీడియోల కంటే దాన్ని నమ్మడం మంచిది.

ఇంకో కుర్రాడు కొన్న క్యామ్రీలో, రూమ్మేటు పొద్దున్నే చల్లటి బండిలో కడ్డీ తీసి, మట్టం వేడి గుర్తుకు కింద ఉందని సీసా మొత్తం వంపేశాడు. ఆయిల్ వేడెక్కితే ఉబ్బుతుంది. సాయంత్రానికి బండి కింద ఎర్రటి మడుగు. కడ్డీ మీద రెండు గుర్తుల మధ్య తేడా అర లీటరు కూడా ఉండదు. పోస్తే సన్నటి గరాటుతో కొద్దికొద్దిగా పోయాలి, పోసినప్పుడల్లా చూసుకోవాలి.

మట్టం ఒక్కటే చూస్తే సరిపోదు. చుక్కను తెల్లటి టిష్యూ మీద పెట్టండి. ఎర్రగా, పలచగా ఉంటే సంతోషం. ముదురు గోధుమ రంగుకు తిరిగితే చాన్నాళ్లుగా మార్చలేదన్నమాట, బేరం ఆడొచ్చు. నల్లగా ఉండి మాడు వాసన కొడితే ప్లేట్లు కాలాయని అర్థం. అప్పుడు బేరం కాదు, నమస్కారం పెట్టాలి. గులాబీ రంగు పాలలా కనిపిస్తే మరీ ప్రమాదం. రేడియేటర్‌లోని కూలర్ చిల్లుపడి నీళ్లు కలిశాయన్నమాట. ఆ బండి ఊరికే ఇచ్చినా వద్దు.

ఏ సీసా పోయాలన్నదీ చిన్న విషయం కాదు. పాత టయోటాకు టి-ఫోర్ రకం, అకార్డ్‌కు ఇప్పుడు డీడబ్ల్యూ-1. క్లచ్ ప్లేట్లు ఎంత పట్టాలో, ఎంత జారాలో ఆ ఆయిల్‌లో కలిపే పదార్థాలే తేలుస్తాయి. 1970ల మొదటిదాకా ఆ పనికి తిమింగలం నూనె కలిపేవాళ్లంటే మనవాళ్లు నమ్మరు. అమెరికా నిషేధించాకే కంపెనీలు రసాయనాలు వెతుక్కున్నాయి. కాబట్టి అన్ని కార్లకూ ఒకటే అని రాసుకున్న చవక సీసా కనపడినా ముందుకు నడవండి. మెషిన్ పెట్టి మొత్తం కడిగేస్తామనే దుకాణాలన్నా నాకు గురి లేదు. కింద బోల్టు విప్పి, కారినంత కార్చి, అంతే కొత్తది పోస్తే చాలు. హోండా బోల్టుకైతే సాకెట్ కూడా అక్కర్లేదు, 3/8 అంగుళాల రాచెట్ తిన్నగా అందులో దూరుతుంది. బోల్టు చివర అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటుంది. అది మామూలే. అందులో మెరిసే ఇనప తునకలు తగిలితేనే భయపడాలి.

కంపెనీల మీద నా ఫిర్యాదు ఒకటుంది. ఈ ముప్ఫై ఏళ్లలో చాలా కంపెనీలు ఆ కడ్డీనే తీసేశాయి. 1990ల మెర్సిడెస్‌లలో కొన్నింటికి గొట్టం ఉంటుంది, మూత ఉంటుంది, లోపల కడ్డీ ఉండదు. అది వర్క్‌షాపు వాడి దగ్గరుంటుంది. కొత్త బళ్లలో చాలావాటికి ఆ గొట్టమూ లేదు. బండి పైకెత్తి, ఆయిల్ ఉష్ణోగ్రత కొలిచి, కింద బోల్టు తీసి చూడాలి. జీవితాంతం మార్చక్కర్లేని ఆయిల్ అని చెబుతారు. మొదటి యజమాని ఏడెనిమిదేళ్లు నడిపి అమ్మేస్తాడు, అతనికి ఆ మాట చెల్లుతుంది. నాలుగో యజమాని ఎవరి లెక్కలోనూ లేడు. ఆ నాలుగో యజమాని మన పిల్లాడు. పెద్ద ఖరీదు చెయ్యని కడ్డీని మిగిల్చుకుని, చూసుకునే వీలు అతనికి లేకుండా చేయడం నాకు న్యాయంగా తోచదు. అందుకే, రెండు బళ్లూ సమానంగా ఉంటే కడ్డీ ఉన్న బండినే కొనమంటాను.

ఇంటి దగ్గర పెద్దవాళ్లకు ఇది కొత్తగా ఉండటంలో వింత లేదు. “మన కారూ ఆటోమేటికే కదా, ఇవన్నీ ఎప్పుడూ చూళ్లేదే” అంటాడు తండ్రి. ఆయనది బహుశా ఏఎంటీ. 2014లో సెలెరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీ బళ్లలో లోపల ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్, గేరు మన బదులు యంత్రం నొక్కుతుంది, మారుస్తుంది. ఆ అనుభవం ఇక్కడి క్యామ్రీకి పనికిరాదు.

కాబట్టి డబ్బు పంపేముందు, ఏసీ ఎలా ఉందని కాకుండా, టిష్యూ మీది చుక్క ఫొటో పంపమని అబ్బాయిని అడగండి. అబ్బాయికి ఇంకో మాట కూడా చెప్పండి: తాను వచ్చేదాకా బండి స్టార్టు చేయొద్దని అమ్మేవాడితో ముందే అనాలి. వెళ్లగానే ఇంజన్ చల్లగానే ఉందా అని బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. చల్లటి బండిని స్టార్టు చేసి డి లోకి వేస్తే వెంటనే పట్టాలి. రెండు మూడు సెకన్లు ఆలోచించుకుని గుద్దినట్టు కదిలితే, ఇక కడ్డీ లాగే శ్రమ కూడా అక్కర్లేదు.