ఎర్రచందనానికి సరే, పేరీతకు కాపలా ఎవరు?

శేషాచలంలో కాపలా అంటే ఎర్రచందనమే. టాస్క్‌ఫోర్స్, చెక్‌పోస్టులు, పట్టుబడ్డ దుంగల ఫొటోలు. ధర పలికే చెట్టు కనుక ఆ మాత్రం హడావుడి తప్పదు. తూర్పు కనుమల దక్షిణపు కొసలో తప్ప సహజంగా మరెక్కడా పెరగని చెట్టది.

అదే కొండల్లో పేరీత ఉంది. చూస్తే పొట్టి ఈతచెట్టే అనుకుంటాం కానీ ఈతతో దానికి చుట్టరికం లేదు. పూలమొక్కలు పుట్టకముందు నుంచీ ఉన్న వంశం. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగదాని నడినెత్తిన వచ్చే కండెను సత్తువ మందంటూ కోసుకుపోతారు. పుప్పొడి పోయాక ఆడదానికి గింజ ఎలా కడుతుంది? వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో ఎర్రచందనం రెండో అనుబంధంలో ఉంటే, పేరీత అంతకన్నా కఠినమైన మొదటి దాంట్లో ఉంది. అయినా పేరీత కండెల కోసం ఎక్కడైనా బండి ఆపారన్న వార్త నా కంట పడలేదు.

అడవిని విస్తరించామని చెప్పుకోవడానికి మనకు లెక్కలున్నాయి. 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు, 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు, సుమారు 4,756. అంకె పదమూడు రెట్లయింది. కానీ జీవావరణ రిజర్వుకంటూ మన దేశంలో విడిగా చట్టం లేదు. పార్కు హద్దు దాటితే చాలావరకు పాత రిజర్వు ఫారెస్టే, పాత రూల్సే.

పలమనేరు వైపు కథ ఇంకోలా ఉంది. ఎనభైల్లో తమిళనాడు, కర్ణాటకల నుంచి ఏనుగులు వచ్చాకే 1990లో కౌండిన్య అభయారణ్యం గీశారు. సన్నగా, పొడుగ్గా గీశారు. ఏనుగు ఎటు నాలుగడుగులు వేసినా చెరుకుతోటో మామిడితోటో తగులుతుంది. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీలను, అంటే మచ్చిక చేసిన ఏనుగులను తెచ్చారు, సంతోషం. కుంకీ గుంపును అడవిలోకి తోలగలదు గానీ అడవిని వెడల్పు చేయలేదు కదా!

నల్లమల నుంచి శేషాచలం దాకా పులుల దారి గురించి మాటలు నడుస్తున్నాయి. పులికి దారి ఇస్తే మిగతావాటికీ నీడ దొరుకుతుంది, కాదనను. అయితే వన్యప్రాణి చట్టంలో 2002 సవరణతో వచ్చిన కన్జర్వేషన్ రిజర్వు అనే ఏర్పాటు ఒకటుంది. పార్కులను ఆనుకున్న, వాటిని కలిపే ప్రభుత్వ భూముల కోసమే అది. ప్రకటించే ముందు ఊళ్లవాళ్లను సంప్రదించాలి, నిర్వహణ కమిటీలో పంచాయతీ ప్రతినిధి ఉండాలి. పేరీత, ఇక్కడి తంబజాలారి చెట్టు గింజ రాల్చే వాలులు పార్కు బయట ఎక్కడున్నా ముందు వాటికి ఈ హోదా ఇవ్వండి. వేసవి మంటలకు ముందే అక్కడ గడ్డి కోయించి అగ్గి గీతలు తీయించండి. ఆ పనికి వాచర్లను ఆ ఊళ్లలోనే, మేకలు కాసేవాళ్లలోంచే తీసుకోండి. కౌండిన్య అంచున కూడా ఇలాంటి కమిటీ వేస్తే మొదటి కుర్చీ పంట పోగొట్టుకున్న రైతుకే వేయాలి.