దిద్దిన పేపరు పిల్లలకు చూపించండి

సంపాదకులకు,
మార్కులే ప్రతిభకు అసలైన కొలమానమన్న వ్యాసం చదివి మనసు చివుక్కుమంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో మంచిర్యాల జిల్లా అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే 99! ఓఎంఆర్ షీటులో బబుల్ తప్పుగా నింపారు, అంతే. ఫెయిలైనవాళ్ల పేపర్లు తిరిగి పరిశీలిస్తే 1,137 మంది పాసయ్యారు. ఆలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

నేనూ స్పాట్ వాల్యుయేషన్‌లో ఎర్ర పెన్ను పట్టినవాణ్ణే. మధ్యాహ్నం మూడింటికి, కళ్లు మండుతుంటే దిద్దిన పేపరుకూ పొద్దున దిద్దిన పేపరుకూ ఒకే న్యాయం చేశానని ఒట్టేసి చెప్పలేను. పరీక్షలు ఎత్తేయమనను. దిద్దిన పేపరు నకలు ప్రతి విద్యార్థికీ ఉచితంగా ఇవ్వండి. మా డోర్నకల్ చుట్టూ తండాల పిల్లలకు నకలు కోసం కట్టే ఫీజు కూడా బరువే.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, డోర్నకల్