హౌసా తల్లుల మూకుడు, కూతుళ్ల పళ్లెం

కానో, కట్సినా, జరియా, సొకొటో. ఉత్తర నైజీరియాకు చెందిన ఈ నగరాల పేర్లు మన పాఠక సోదరీమణులలో చాలామందికి కొత్తవే కావచ్చు. కాని రమజాన్ మాసంలో అసర్ నమాజు ముగిసిన తరువాత అక్కడి ముస్లిముల ఇళ్లలో వినిపించే చప్పుడు మాత్రం మనకు పరాయిది కాదు. కాగిన నూనెలో పిండి పడే చప్పుడది. ఆ ప్రాంతపు హౌసా భాషలో ఇఫ్తార్‌కు ‘షాన్ రువా’ అని పేరు. నీళ్లు తాగడం అని దాని అర్థం. ఖర్జూరంతో, నీళ్లతో ఉపవాసం విరమించిన తరువాత వారి దస్తర్‌ఖాన్ మీదికి సజ్జ జావ వస్తుంది. దాని పక్కన అలసందల గారె ‘కోసై’ ఉంటుంది. ఆపైన, పిల్లల చేతులు ముందుగా చేరేది ‘ఫంకే’ దగ్గరికి. పులిసిన మైదాపిండిని ఉండలుగా వేయించిన తీపి పదార్థమిది. నైజీరియా దక్షిణ ప్రాంతాలలో దీన్నే పఫ్ పఫ్ అంటారు. పొరుగున ఉన్న కామెరూన్‌లోనూ ఆ పేరే.

మన వంటింటికి ఇది దూరపు చుట్టమే తప్ప అపరిచితురాలు కాదు. మన ఇళ్లలో నానమ్మలు చేసే గుల్‌గులేను తలచుకోండి. ఫంకే రుచి దానికి దగ్గర, చేతి పని మాత్రం అచ్చంగా మైసూరు బజ్జీది. కోసై సంగతి మరీ విశేషం. అలసందలు అనబడే ఈ బొబ్బర్లను మొదట సాగుచేసినది ఆఫ్రికా ఖండంలోనే. కొన్ని వేల సంవత్సరాల క్రితం అవి మన దేశానికి చేరాయి. రాయలసీమ అలసంద వడ, కానో కోసై ఒకే గింజ సంతానం. బియ్యం పిండిని పులియబెట్టి, గుంటలున్న పెనంలో పోసి కాల్చే ‘మాసా’ అనే వంటకం కూడా హౌసా ఇళ్లలో ఉంది. మన గుంతపొంగణాలు ఎరిగినవారికి దాన్ని వేరే వర్ణించవలసిన పని లేదు.

ఫంకేకు కావలసినవన్నీ మామూలు సరుకులే. మూడు కప్పుల మైదా అంటే సుమారు 400 గ్రాములు, అర కప్పు చక్కెర, అర చెంచా ఉప్పు, రెండు చిన్న చెంచాల ఇన్‌స్టంట్ ఈస్ట్, పావు చెంచా జాజికాయ పొడి, ఒకటిన్నర కప్పుల గోరువెచ్చని నీళ్లు. వేలు పెడితే హాయిగా ఉండేంత వేడి చాలు. అంతకు మించితే ఈస్ట్ చచ్చిపోతుంది. పొడి సరుకులన్నీ కలిపి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, ఉండలు కట్టకుండా చేత్తో అయిదు నిమిషాలు బాగా గిలకొట్టాలి. పిండి గారెల పిండిలా గట్టిగా ఉండరాదు, దోసెల పిండిలా జారిపోనూ రాదు. పైకెత్తితే సాగుతూ వచ్చి తెగిపడాలి. మూతపెట్టి వెచ్చని చోట ముప్పావు గంట నుంచి గంట వరకు వదిలివేస్తే రెట్టింపై, పైన బుడగలు కనిపిస్తాయి. చలికాలంలో ఇంకాస్త సమయం పడుతుంది.

మేము మొదటిసారి చేసినప్పుడు ఇక్కడే పొరపడ్డాము. మగ్రిబ్ సమీపిస్తున్నదన్న తొందరలో ఇరవై నిమిషాలకే మూత తీశాము. ఆలస్యాన్ని పూడ్చుకుందామని మంట కూడా పెంచాము. ఉండలు పైకి నల్లబడ్డాయి, విరిస్తే మధ్యలో పచ్చిపిండి. పులియవలసిన పిండిని తొందరపెట్టడం ఎవరివల్లా కాదని ఆ సాయంత్రం తెలిసింది. ఇప్పుడు జుహర్ నమాజు తరువాతనే పిండి కలిపి పక్కన పెడుతున్నాము. మరీ ఎక్కువగా పొంగితే చేత్తో ఒకసారి అణిస్తే సరిపోతుంది.

నూనె మూడు అంగుళాల లోతు ఉండాలి. తక్కువైతే ఉండ అడుగుకు తగిలి చదునవుతుంది. ఒక బొట్టు పిండి వేసి చూడండి. వెంటనే ఎర్రబడకుండా, బుడగలతో నెమ్మదిగా పైకి తేలితే నూనె సిద్ధమైనట్లే. చెయ్యి తడిచేసుకుని గుప్పెడు పిండి తీసుకోవాలి. గుప్పిట బిగిస్తే బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి పిండి ఉబికి వస్తుంది. దాన్ని బొటనవేలితో తెంపి నూనెలోకి జారవిడవాలి. చెయ్యి ఆరిపోతే ఉండలకు తోకలు వస్తాయి. పిండి పలుచనైతే అవి గుండ్రంగా నిలవవు, అప్పుడు రెండు చెంచాల మైదా కలపండి. మధ్యస్థమైన మంట మీద తిప్పుతూ, మూడు నాలుగు నిమిషాలకు ముదురు తేనె రంగు వచ్చాక తీసి జల్లెడలో వేయాలి. అచ్చు వేసిన వార్తాపత్రికల మీద మాత్రం వేయవద్దు. వేడి నూనెకు సిరా కరిగి తినే పదార్థానికి అంటుకుంటుంది.

జాజికాయ విషయంలో కొందరు సోదరీమణులకు సందేహం కలగవచ్చు. అధిక మోతాదులో అది మత్తు కలిగిస్తుంది కనుక దాని వాడకంపై ధర్మపండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మత్తు కలిగించని స్వల్ప పరిమాణాన్ని సుగంధద్రవ్యంగా అనుమతించినవారు ఉన్నారు, పూర్తిగా వద్దన్నవారూ ఉన్నారు. మనసు అంగీకరించనివారు యాలకుల పొడి వేసుకోండి. రుచి కొంత మారుతుంది, ఫంకేకు వచ్చే లోటేమీ లేదు. ఇక నూనె వంటకం కనుక మనిషికి మూడు నాలుగు ఉండలు చాలు. తరావీహ్‌లో బరువైన కడుపుతో నిలబడినవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

వంట విధానం ఇంతే. అయితే ఈ ఉండల వెనుక ఉన్న చేతుల గురించి చెప్పకపోతే మేము సగమే చెప్పినట్లవుతుంది.

హౌసా సమాజంలో వివాహిత స్త్రీలు పరదా పాటిస్తూ ఇంటిపట్టున ఉండే ఆచారాన్ని ‘కుల్లే’ అంటారు. ఇంట్లో ఉన్న స్త్రీకి ఆదాయం ఎక్కడిదని బయటివారు అనుకుంటారు. పాలీ హిల్ అనే బ్రిటిష్ పరిశోధకురాలు 1967లో కట్సినా సమీపంలోని బటగరావా గ్రామంలో ఉండి చూసినది వేరు. వీధిలో కానరాని వ్యాపారం దాదాపు ప్రతి ఇంటి లోపలా సాగుతున్నది. ఒక ఇల్లాలు కోసై వేస్తే, ఒకరు ఫంకే చేస్తారు. మరొకరు వేరుశనగలు నూరి నూనె పిండి, మిగిలిన పిప్పిని చేత్తో ఒత్తి అదే నూనెలో వేయించి ‘కులి కులి’ తయారుచేస్తారు. ఇంటికీ ఇంటికీ నడుమ సరుకునూ సొమ్మునూ మోసేది పిల్లలు. ఆమె దీన్ని గదులు గదులుగా ఉన్న తేనెపట్టుతో పోల్చారు. 1969లో వెలువడిన ఆమె వ్యాసం పేరులోనే దీన్ని హౌసా నేలపై మరుగున ఉన్న వర్తకం అన్నారు.

ఆ సొమ్ము ఎవరిది? ఇల్లాలిదే. భార్యాపిల్లల పోషణ భారం భర్తదని షరీఅత్ నిర్ణయించింది. పురుషులు ఆర్జించినదానిలో వారికీ, స్త్రీలు ఆర్జించినదానిలో వారికీ భాగమున్నదని సూరా నిసా 32వ ఆయత్ తెలుపుతుంది. హౌసా స్త్రీలు ఈ హక్కును పుస్తకాలలో ఉంచలేదు, మూకుడు దగ్గర నిలుపుకున్నారు. అలా కూడిన డబ్బుతో కూతురి పెళ్లికి గిన్నెలు, పళ్లాలు, మంచం సమకూరుస్తారు. బంధువుల ఇళ్లలో శుభకార్యాలకు కానుకలు ఇస్తారు. ‘అదాషీ’ కడతారు. అదాషీ అంటే మన చీటీ వంటిదే, కాని వేలంపాట ఉండదు. వారం వారం అందరూ సమానంగా వేసిన మొత్తం వంతుల వారీగా ఒకరికి చేరుతుంది. వేసినంతే తిరిగి వస్తుంది కనుక వడ్డీ ప్రసక్తే రాదు. మన వాడలలో వేలంపాట చీటీలతో చేతులు కాల్చుకున్న అక్కచెల్లెళ్లు ఈ పద్ధతిని ఒకసారి పరిశీలించాలని మా కోరిక.

ఇంతవరకు కథ మనసుకు హాయిగానే ఉంది. అసలు చిక్కు పళ్లెం దగ్గర మొదలవుతుంది. తల్లి గడప దాటదు, ఫంకే మాత్రం దాటాలి. దాన్ని తలమీద పెట్టుకుని వీధుల్లో తిరిగి అమ్మే పనిని ‘తల్లా’ అంటారు. ఆ పని చిన్న ఆడపిల్లలది. 1976లో నైజీరియా ప్రభుత్వం సార్వత్రిక ప్రాథమిక విద్యా పథకాన్ని ప్రారంభించింది. ఆ కాలంలోనే కానో నగరంలో పిల్లల జీవనాన్ని అధ్యయనం చేసిన ఎనిడ్ షిల్డ్‌క్రౌట్ అనే పరిశోధకురాలు ఒక సంగతిని గమనించారు. బిడ్డ బడికి వెళితే తల్లి వ్యాపారానికి కాళ్లు పోతాయి. పైగా ఆ పిల్ల అమ్మి తెచ్చే డబ్బులో కొంత ఆమె పెళ్లి సామగ్రికే చేరుతుంది. తల్లి స్వార్థపరురాలని తేలికగా అనేయలేము. అలాగని ఎండలో, బండ్ల మధ్య, తెలియని మగవారి ముందు పళ్లెంతో నిలబడ్డ తొమ్మిదేళ్ల బాలికను చూసి అది ఆచారమని ఊరుకోలేము. ఒక తల్లి ఆర్థిక స్వాతంత్ర్యానికి ఆమె కూతురి చదువు మూల్యమైతే, ఆ బేరం మాకు సమ్మతం కాదు. ఆడపిల్ల చదువు ఇంటి ఖర్చులలో చివరిది కాకూడదు. మన ఊళ్లలో బీడీలు చుట్టే ఇళ్లలోనూ ఈ తూకం ఎటు మొగ్గిందో మనకు తెలియనిది కాదు.

ఆ నేల చదువుకు శత్రువు కాదనడానికి దాని చరిత్రే సాక్ష్యం. సొకొటో ఖిలాఫత్‌ను స్థాపించిన షేక్ ఉస్మాన్ దాన్ ఫోదియో కుమార్తె నానా అస్మావు 1793 నుంచి 1864 వరకు జీవించారు. అరబ్బీ, ఫుల్ఫుల్డే, హౌసా భాషలలో రచనలు చేసిన విదుషీమణి ఆమె. ఇంటిపట్టున ఉన్న స్త్రీలకు ధర్మవిద్య అందించడానికి ‘యన్ తారు’ అనే బృందాలను తీర్చిదిద్దారు. ఆమె వద్దకు ప్రయాణించి పాఠాలు నేర్చి, తిరిగి పల్లెల్లో స్త్రీలకు అందించినవారు ఎవరో తెలుసా? వయసు పైబడిన స్త్రీలు, వారితో కలిసి వచ్చిన చిన్న బాలికలు. కుల్లే ఆచారం గడప దాటనిచ్చినది వారినే. తరువాతి కాలంలో పళ్లెం మోసినది కూడా ఆ వయసు బాలికలే. నేడు కానోలో ఇస్లామియ్యా పాఠశాలలు వివాహిత స్త్రీలకు సైతం తరగతులు నడుపుతున్నాయి. కొడుకులు, కూతుళ్లు బడిలో ఉన్న వేళ తల్లి కూడా పలక పట్టిన ఇళ్లున్నాయి.

ఈ మధ్య ఫంకే అమ్ముకునేవారికి మరో కష్టం వచ్చిపడింది. నైజీరియా తన గోధుమలో అధికభాగాన్ని విదేశాల నుంచి దిగుమతి చేసుకుంటుంది. 2023 మే నెలలో పెట్రోలు సబ్సిడీని తొలగించారు. జూన్‌లో నైరా మారకపు విలువ ఒక్కసారిగా పడిపోయింది. 2024లో ఆహార ద్రవ్యోల్బణం 40 శాతం దాటింది. మైదా, చక్కెర, నూనె మూడూ ప్రియమైనప్పుడు ఫంకే చేసే ఇల్లాలికి మిగిలే దారులు రెండే: ధర పెంచడం, లేదా ఉండను చిన్నది చేయడం.

ఫంకే ఆ పూటకే. మర్నాటికి గట్టిపడుతుంది. నిలువ ఉండేది కావాలనుకునేవారికి ‘చిన్ చిన్’ చెబుతాము. నైజీరియాలో సల్లా అని పిలిచే ఈద్ నాడు వచ్చిన అతిథుల ముందు పెట్టే పదార్థాలలో ఇదొకటి. మన శక్కర్‌పారేకు అక్కలాంటిది. మూడు కప్పుల మైదాలో అర కప్పు చక్కెర పొడి, చిటికెడు ఉప్పు, కొంచెం యాలకుల పొడి కలిపి, 100 గ్రాముల వెన్నను వేళ్లతో రుద్దాలి. పిండి రవ్వరవ్వగా అయ్యాక ఒక గుడ్డు, అర కప్పు లోపు పాలు పోసి పూరీల పిండిలా గట్టిగా కలిపి పావుగంట ఉంచాలి. అర సెంటీమీటరు మందాన ఒత్తి, గోరంత ముక్కలుగా కోయాలి. నూనె మరీ కాగకుండా చూసుకుని, కదుపుతూ వేయించాలి. లేత బంగారు రంగులో ఉండగానే తీసివేయాలి, ఎందుకంటే బయటికి తీశాక కూడా రంగు ముదురుతుంది. పూర్తిగా చల్లారిన తరువాతనే డబ్బాలో పోయాలి. వేడి మీద మూత పెడితే మెత్తబడతాయి. గాలి చొరని డబ్బాలో రెండు మూడు వారాలు కరకరలాడుతూ ఉంటాయి. హాస్టల్ చదువులకు వెళ్లే కూతుళ్ల పెట్టెల్లో నైజీరియా తల్లులు పుస్తకాల పక్కన సర్దే డబ్బాలలో ఒకటి చిన్ చిన్‌ది, మరొకటి కులి కులిది.