తూకం అందరికీ ఒక్కటే కావాలి
2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు హైదరాబాద్‌లో తెరచినప్పుడు, ఇక కిరాణా కొట్టుకు కాలం చెల్లినట్టేనని పలువురు జోస్యం చెప్పారు. 2012లో బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడిని కేంద్రం అనుమతించినప్పుడూ అదే మాట వినిపించింది. అయినా కిరాణా కొట్టు నిలిచింది. వందలాది దుకాణాలతో విస్తరించిన సుభిక్ష సంస్థ మాత్రం అప్పుల భారంతో 2009లో కుప్పకూలింది.

చిన్న వర్తకుని బలం ధరలో లేదు. నెలాఖరులో చేతిలో చిల్లిగవ్వ లేని గృహస్థుకు ఖాతా మీద సరుకివ్వడంలో, పావుకిలో పప్పునైనా విసుగులేకుండా పొట్లం కట్టడంలో ఉంది. కాని ఓర్పుకూ హద్దుంటుంది. పెద్ద సంస్థలు ఉత్పత్తిదారుల వద్ద నేరుగా టోకున కొని రాయితీలు పొందుతుండగా, చిన్న కొట్టుకు పంపిణీదారు చెప్పిన ధరే శరణ్యం. ఇప్పుడు నిమిషాల్లో సరుకు ఇంటికి చేర్చే సంస్థలు పెట్టుబడిదారుల సొమ్ముతో నష్టాలను భరిస్తూ పోటీకి దిగాయి. పోటీదారును తొలగించేందుకు ఖర్చుకన్నా తక్కువకు అమ్మడాన్ని 2002 నాటి పోటీ చట్టం నిషేధించినా, మార్కెట్‌పై ఆధిపత్యం ఉన్న సంస్థకే అది వర్తిస్తుంది. నాలుగైదు సంస్థలు మార్కెట్‌ను పంచుకుంటే ఏ ఒక్కదాని ఆధిపత్యమూ రుజువు కాదు.

ఈ లొసుగును ప్రభుత్వం పూడ్చాలి. వర్తకులూ సంఘటితమై ఉమ్మడిగా సరుకు కొనుగోలు చేయాలి. తూకం అందరికీ ఒక్కటైతే చిన్న కొట్టు తన కాళ్ళపై తాను నిలబడగలదు.