కుక్కల పనికి జీత మెవరిత్తురు?



ఈ మాసమున నేను వ్రాయబూనినది వంటయింటి సంగతి గాదు, వీధి సంగతి. అయినను మన బిడ్డలు బడికి నడచునది ఆ వీధినే గదా! మావారు ఉపాధ్యాయులు. సాయంకాలమున చిన్నపిల్లలను ఒంటరిగా ఇండ్లకు పంపరాదని వారి పాఠశాలలో ఏర్పాటు చేసికొన్నారు. దానికి కారణము సందుమొగలందు గుంపుగూడియుండు కుక్కలు.

మా పట్టణపు పురపాలక కార్యాలయమునకు పోయి మొరపెట్టుకొన్న తల్లులకు దొరకిన సమాధానము, "పట్టువాడు లేడు, కోయు వైద్యుడు లేడు, ఉంచుటకు చోటు లేదు" అని. కొందరు కోపించిరి. నాకు మాత్రము ఆ మాటలో అబద్ధ మేమియు కనబడలేదు. అబద్ధము కాకపోవుటయే విచారకరము.

రేబీసు రోగము పైకి తేలిన పిమ్మట దాదాపు ఎవ్వరును బ్రతుకరు. ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది దానిచే మరణించుచున్నారనియు, అందు మూడవవంతునకు పైగా మన దేశమునందే యనియు ప్రపంచ ఆరోగ్యసంస్థవారి లెక్క. కరవబడినవారిలో నూటికి నలువదిమంది పదునైదేండ్లలోపు బిడ్డలట.

2001 వ సంవత్సరమున కేంద్రప్రభుత్వమువారు వీధికుక్కల సంతాన నియంత్రణకు నిబంధనలు చేసిరి. 2023 మార్చిలో వాని స్థానమున క్రొత్తవి వచ్చినవి. కుక్కను పట్టి, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి, రేబీసు టీకా వేసి, గుర్తుగా చెవి కత్తిరించి, పట్టిన చోటనే విడువవలెనని వాని సారాంశము. ఈ భారము స్థానికసంస్థలది.

చంపివేసిన తీరిపోదా యని అడుగువారు ఆడవారిలోను కలరు. చెన్నపట్టణమున నూరేండ్లకు పైగా ఆ పనియే చేసిరి, కుక్కలు తగ్గలేదు. అచ్చటి బ్లూక్రాస్ సంఘమువారు 1964 నుండియే శస్త్రచికిత్స మేలని చెప్పుచు వచ్చినను, కార్పొరేషనువారు 1996 లో గాని ఆ దారికి రాలేదు.

మన పూర్వపు ఊళ్ళకు పశువుల విషయమై బాగుగ తెలిసిన పని బందెలదొడ్డి. చేనిలో పడిన గేదెను తోలుకొనిపోయి బందెలో పెట్టుదురు. యజమాని రుసుము చెల్లించి విడిపించుకొనును. 1871 నాటి చట్టము ఈ పద్ధతికే యేర్పడినది. దొడ్డి ఖర్చు కొంత ఆ రుసుముతోనే గడచెడిది. వీధికుక్కను విడిపించుకొనుటకు రుసుము చేతబట్టుకొని వచ్చువాడెవ్వడు? ఈ పనికి వ్యయమే గాని రాబడి లేదు. పన్నులు కొలదిగా వసూలగు ఊళ్ళలో మొదట కొట్టివేయబడునది ఇట్టి పద్దే.

ఇంటి లెక్కవలె చూతము. ఒక చిన్న పట్టణమున వేయి కుక్కలున్నవనుకొందము. రేబీసు ప్రాకకుండ ఆగుటకు నూటికి డెబ్బది కుక్కలకు టీకా పడవలెనని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. శస్త్రచికిత్సయు అన్నింటికే చేయుద మన్న 700. చేయితిరిగిన వైద్యుడు దినమునకు పది చేసెననుకొన్నను 70 పనిదినములు. పిమ్మట కనీసము నాలుగు దినములు ఉంచవలెను. పట్టిన దినముతో ఐదు. అనగా ఏబది గూళ్ళు, వానికి తిండి, నీరు, కడుగువారు, రాత్రి కావలి, వల వేయుట నేర్చిన మనుష్యులు, ఒక బండి. డెబ్బది దినములు గడచిన వెనుక ఆ గూళ్ళకు పనియుండదు. జీతములు మాత్రము ఏడాది పొడుగున నడువవలెను. అట్లని మూడేండ్లకొకమారు ఎవరినో పిలిపించి రెండువందల కుక్కలకు చేయించి మానుకొన్నచో, ఆడకుక్క గర్భము రెండు మాసములే గనుక మిగిలినవి ఆ లోటును సులువుగ పూడ్చును. వెచ్చించిన ధనము కృష్ణలో కలిపినట్లే!

పశుసంవర్ధకశాఖ వైద్యుని అడుగరాదా యందురేమో. ఆయనకు మన డెల్టా గేదెల ఈతలు, చూలు సూదులు, గాలికుంటు టీకాలు గలవు. పాడిపై బ్రతుకు ఇల్లాలి గేదెను విడిచి కుక్కలను చూడుమని నేను చెప్పజాలను.

నాకు తోచిన మార్గ మొకటే. బెజవాడవంటి నగరము తన పని తాను చేసికొనగలదు. గుడివాడ, పెడన, ఉయ్యూరు, మచిలీపట్టణము ఒకే జిల్లాలోనివి, బస్సుపై గంట రెండుగంటల దారిలోనివి. ఇట్టి ఊళ్ళు నాలుగైదు చుట్టుపట్ల పంచాయతీలతో కలిసి ఒక్క వైద్యుని, ఒక్క బండిని, ఒక్క చికిత్సాలయమును పెట్టుకొని, ఇండ్ల సంఖ్యనుబట్టి వ్యయము పంచుకొనినచో, గూళ్ళు ఏడాదంతయు పనిచేయును, జీతమునకు ఫలముండును. కుక్కలకు పొలిమేరలు తెలియవు. ఒక ఊరు చేసి ప్రక్క ఊరు మానిన లాభము లేదు. గోవాలో 2014 మొదలు ప్రభుత్వమును మిషన్ రేబీస్ అను సంస్థయు కలిసి రాష్ట్రమంతటికి ఒకే ప్రణాళిక వేసిరి. దళములు ఊరూర తిరిగి నూటికి డెబ్బది కుక్కలకు టీకాలు వేసినవి, బడిపిల్లలకు పాఠములు చెప్పినవి. 2021 లో ఆ రాష్ట్రమును రేబీసు నియంత్రిత ప్రాంతముగ ప్రకటించిరి.

భారతము తెరచిన ఆదిలోనే ఒక కుక్క ఫిర్యాదు కలదు. జనమేజయుని యజ్ఞవాటికలో అతని తమ్ములు నిష్కారణముగ కుక్కపిల్లను కొట్టగా, దాని తల్లి సరమ వచ్చి అడిగి శపించెను. రాజప్పుడు చేసినదేమి? తగిన మనిషికై ఆశ్రమముల వెదకి, సోమశ్రవసుని పురోహితునిగ తెచ్చుకొనెను. ఉత్తరువు వ్రాసి కూర్చుండలేదు. మన కాలమున ఉత్తరువులకు కొదువ లేదు. 2025 నవంబరు 7 న సుప్రీంకోర్టువారు బడులు, ఆసుపత్రులు, బస్సుస్టాండ్లు, రైలుస్టేషన్లనుండి కుక్కలను తొలగించి ఆశ్రయములకు చేర్చవలెననియు, మరల అచ్చటనే విడువరాదనియు ఆదేశించిరి. బడిపంతులు భార్యగా సంతోషించితిని. కాని ఆశ్రయమునకు గోడలు ఒకమారు కట్టిన చాలును. తిండి పెట్టువాడు ప్రతిదినము రావలెను గదా.

మన చేతిలోని పనియు కొంత కలదు. కోడిమాంసపు అంగళ్ళవారు వ్యర్థములను కాలువగట్టున పారబోయుచుండగా చూచి ఊరకుందుము. కుక్కల మందలు పెరుగునది అచ్చటనే. ఇంటి కుక్కకు టీకా వేయింపక రాత్రి వీధిలోనికి వదలువారును మనలో కలరు. బిడ్డను కుక్క కరచినచో పసరులు, కారములు పూయక, సబ్బుతో పారునీట పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి కొనిపొండు. మొదటి సూది వేయించి మానక, వైద్యుడు చెప్పిన తేదీలన్నిటను తప్పక వేయింపుడు.

పురపాలకసంఘముల ఆయవ్యయపట్టిక ఏప్రిలునకు ముందే సిద్ధమగును. మీ వార్డు సభ్యుని, సభ్యుడు లేనిచోట కమీషనరును, ఆ పట్టిక చూపుమని అడుగుడు. కుక్కల పద్దు ఉన్నదా? ఉన్నచో అందు బండికెంత, మందులకెంత, జీతములకెంత? పొరుగు పట్టణముతో కలిసి వైద్యుని పెట్టుకొనుటకు తీర్మాన మేమైన చేసిరా? నలుగురు ఇల్లాండ్రు కలిసి పోయి అడుగుడు. వచ్చిన సమాధానమును ఈ పత్రికకు వ్రాయుడు.