ధరల కట్టడికి చికిత్స
మా తండ్రిగారి మందుల ధర కొంత తగ్గించమని దుకాణదారును అడిగాను. “తగ్గిస్తే మా సంఘం ఊరుకోదండీ” అన్నాడాయన. రోగి నిస్సహాయతపై కట్టిన ఇట్టి కట్టడి సమాజశరీరానికి పట్టిన వ్యాధియే.

2002 నాటి పోటీ చట్టాన్ని సమీక్షించడానికి కేంద్రప్రభుత్వం 2018లో ఇంజేటి శ్రీనివాస్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. వ్యాపారుల కుమ్మక్కును వెనుకనుండి నడిపించేవారిని సైతం బాధ్యులను చేయాలని ఆ కమిటీ 2019లో సూచించగా, 2023 సవరణతో అది చట్టమైంది. నిదానమెరిగిన చికిత్స ఇది.

అయితే పెట్టెలోని ఔషధం రోగాన్ని తగ్గించదు. కాంపిటీషన్ కమిషన్‌కు సమాచారమివ్వడానికి రుసుము చెల్లించాలి. ఒక్క కుటుంబానికి అది భారమే. కనుక వినియోగదారుల సంఘాల ద్వారా కలసి ఫిర్యాదు చేయాలని పాఠకులకు నా మనవి. వ్యాపారులకు సంఘమున్నప్పుడు, రోగులకు మాత్రం ఎందుకుండరాదు?