అచ్చివచ్చే రవ్వలు, అచ్చమైన రవ్వలు

2024 డిసెంబరు 21, 22, 23 తేదీలలో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్ళూరు మండలాలలో భూమి స్వల్పంగా కంపించిన సంగతి పత్రికలలో చూసిన మిత్రులకు గుర్తుండవచ్చు. కొన్ని క్షణాలపాటే. జనం ఇళ్ళలోంచి వీధులలోకి పరుగెత్తారు, కాసేపటికి మళ్ళీ లోపలికి వెళ్ళారు. శాస్త్రజ్ఞులు కారణాలు వెదుకుతూ ఉండగానే, ముండ్లమూరులోని మా అక్కయ్య ఇంట్లో మాత్రం కారణం తేలిపోయింది. నేరమంతా అంతకు నాలుగు రోజుల ముందు ఇంటికి వచ్చిన రవ్వల దుద్దులది!

మా మేనకోడలి పెళ్ళి మాఘమాసానికి నిశ్చయమైంది. బావగారు రెండేళ్ళ పొగాకు డబ్బులో మిగిలినది కూడబెట్టి, నగరంలోని ఒక దుకాణంలో ఏడురాళ్ళ రవ్వల దుద్దులు కొన్నారు. చెవికి ఏడు చొప్పున పద్నాలుగు రాళ్ళు, ఒక్కొక్కటి పది సెంట్లు, వెరసి 1.40 క్యారట్లు. (క్యారట్టంటే 200 మిల్లీగ్రాములు, అందులో నూరవ వంతు సెంటు. పొలం సెంట్లతో పోల్చుకుని ఎవరూ మురిసిపోనక్కరలేదు.) డిసెంబరు 17న వస్తువు చేతికి వచ్చింది. పద్నాలుగు రోజులలోగా, ధరించకుండా, చీటీ తెంపకుండా వెనక్కి తెస్తే పూర్తి సొమ్ము వాపసు ఇస్తామని రసీదు మీద రాసి ఉంది. అక్కయ్య అత్తగారు ఆ పెట్టెను దేవుడి గూట్లో ఉంచారు. రవ్వలు అచ్చివస్తాయో రావో చూడాలి గదా!

ఈ ఆచారం చదువరులలో చాలామందికి తెలిసే ఉంటుంది. పూర్వం తెలిసిన వర్తకులు రాయిని కొన్నాళ్ళు ఇంట్లో ఉంచుకోనిచ్చేవారు. ఆ రోజులలో ఎవరికీ జ్వరం రాకుండా, పశువుకు ఆపద కలగకుండా గడిస్తే కొనేవారు. లేకుంటే తిరిగి ఇచ్చేసేవారు. 23న మూడవసారి భూమి కదలగానే ఆవిడ తీర్పు చెప్పేశారు. ఫోనులో నాతో అన్నారు: "రాయి ఇంట్లోకొచ్చిన నాలుగో రోజుకే భూమి కదిలింది. ఇంకా ఏం చూడాల నాయనా? ఎనక్కిచ్చేయమని చెప్పు మీ బావకి." బావగారికి అది ఇష్టం లేదు. అంత పెద్ద దుకాణం, కాగితాలన్నీ ఇచ్చారు, మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెనక్కి తీసుకువెళ్ళేదని ఆయన బాధ. 31వ తేదీకి ఇంకా ఎనిమిది రోజులు ఉన్నాయి.

ఇద్దరూ గడువును వృథా చేస్తున్నారని నాకు తోచింది. అత్తగారు రాయిని తప్ప లోకంలో అన్నిటినీ చూస్తున్నారు. బావగారు కాగితాన్ని తప్ప మరేమీ చూడడం లేదు.

కొన్న రాయిని కొన్నాళ్ళు పరీక్షించుకునే అవకాశం నిన్నమొన్న పుట్టిన వ్యాపారపు ఎత్తుగడ అనుకునేవారున్నారు. కాదు. 17వ శతాబ్దంలో మన గనులకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో 'రావొల్కొండ' గని గురించి వివరంగా రాశాడు. కర్నూలు జిల్లా రామళ్ళకోటే అది అని తరువాతి పండితులు గుర్తించారు. అక్కడ విలువైన రాళ్ళ మూటను పరదేశి వర్తకుడికి ఏడెనిమిది రోజులు నమ్మి అప్పగించేవారట, తీరికగా పరీక్షించుకొమ్మని. పరీక్ష ముగిశాక మాత్రం వెంటనే తేల్చుకోవాలి. తటపటాయిస్తే యజమాని రాళ్ళను నడికట్టులోనో తలపాగాలోనో ముడివేసుకుని వెళ్ళిపోతాడు. ఆ రాళ్ళు మళ్ళీ కంటబడవు.

అక్కడివారు రాయిని చూసే పద్ధతీ ఆయన రాశాడు. రాత్రిపూట గోడలో అడుగు చదరపు గూడు చేసి, అందులో లావు వత్తి దీపం పెట్టి, రాయిని వేళ్ళమధ్య పట్టుకుని దాని నీరునూ స్వచ్ఛతనూ చూసేవారు. నీలిఛాయ పట్టుకోవాలంటే పగలు గుబురుచెట్టు కిందికి వెళ్ళి ఆ పచ్చని నీడలో చూసేవారు. మా జిల్లాకు పొరుగునే ఉన్న పల్నాడులో, 60,000 మంది పనిచేస్తున్నారని ఆయన రాసిన కొల్లూరు గని ఇప్పుడు పులిచింతల జలాశయం నీటి అడుగున ఉంది. గనితోపాటు చూసే అలవాటు కూడా మునిగిపోయిందేమో! గూడు మిగిలింది, గూట్లో దీపమూ మిగిలింది. రాయిని ఆ దీపానికి ఎదురుగా పట్టుకోవడం మాత్రం మానేశాము.

అయితే పాతదంతా ప్రమాణమని నేననడం లేదు. రత్నశాస్త్రాలు చెప్పే బిందువు, రేఖ, యవ, కాకపదం, మలం అనే దోషాలు చాలావరకు నేడు పదింతల భూతద్దంతో చూసే లోపాలే. మన అమ్మమ్మలు 'కాకిపాదం' ఉన్న రవ్వ వద్దనడంలో ఒక చూపు ఉంది. కానీ ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో మేలిమి వజ్రం నీటిలో తేలుతుందన్నాడు. వజ్రం నీటికంటె మూడున్నర రెట్లు సాంద్రమైనది, ఏ వజ్రమూ తేలదు. పెద్దల మాటనైనా పరీక్షించనిదే ఒప్పుకోరాదు. ఇక దుకాణం కాగితం సంగతి చెప్పాలా?

నేను ముండ్లమూరు వెళ్ళి ఆ కాగితాలు చూశాను. బావగారికి అన్నిటికంటె ధైర్యమిచ్చింది హాల్‌మార్కు. ఆరు అక్షరాల ఆ సంకేతం బంగారపు స్వచ్ఛతకు మాత్రమే పూచీ. అందులో పొదిగిన రాళ్ళతో దానికి సంబంధం లేదు. రెండవది 'ధ్రువపత్రం'. తీరా చూస్తే అది అమ్మినవారే ముద్రించుకున్నది, వేరే ప్రయోగశాల ఇచ్చినది కాదు. తన పెరుగు పుల్లనని ఎవరు రాసుకుంటారు? మూడవది రసీదు. అందులో 'వజ్రములు 14' అని ఉంది గాని, భూమిలో పుట్టినవో యంత్రంలో పుట్టినవో లేదు. కొన్నది మాత్రం సహజవజ్రపు ధరకే.

మర్నాడు ఉదయం దుద్దులను పెట్టెలోంచి తీశాము. దుకాణంలోని దీపాల కింద ఏ గాజుముక్కయినా మెరుస్తుంది, కనుక తావెర్నియే మాట మీద వేపచెట్టు నీడలో చూశాను. నాకేమీ తెలియలేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడను. పది సెంట్ల గుండ్రని రవ్వ సుమారు మూడు మిల్లీమీటర్లు ఉండాలి. కొలిస్తే సరిగానే ఉన్నాయి. దర్శిలో తెలిసిన కంసాలి దగ్గరకు తీసుకువెళితే ఆయన కలంలాంటి యంత్రాన్ని ఒక్కొక్క రాయికీ ఆనించాడు. పద్నాలుగింటికీ కూత వచ్చింది. బావగారు నావైపు చూసిన చూపు ఇక్కడ వర్ణించను.

చిక్కంతా ఆ కూతలోనే ఉంది. ఆ యంత్రం కొలిచేది రాయి వేడిని ఎంత త్వరగా లాగుతుందన్నది మాత్రమే. వజ్రం ఈ విషయంలో రాగిని నాలుగైదు రెట్లు మించుతుంది గనుక గాజు, జిర్కోనియా వెంటనే దొరికిపోతాయి. ప్రయోగశాలలో పెంచిన వజ్రం మాత్రం వజ్రమే. అదే కర్బనం, అదే అమరిక, అదే కూత. రెండింటినీ వేరుచేసేది రాయి లోపలి నత్రజని జాడలు, పెరుగుదల గుర్తులు, అతినీలలోహిత కాంతిలో దాని ప్రవర్తన. అందుకు కంసాలి బల్ల చాలదు, ప్రయోగశాల కావాలి.

26న హైదరాబాదులోని ఒక రత్నపరీక్షా కేంద్రంలో ఇచ్చాము. 28న ఫలితం వచ్చింది. పదకొండు సహజమైనవి, మూడు ప్రయోగశాలవి. చిన్నరాళ్ళ మూటలలో ఇటువంటి కల్తీ వర్తకులను సైతం వేధిస్తున్న సమస్య. 30న దుకాణానికి వెళ్ళాము. వారు తమకు సరఫరా చేసినవారిని తిట్టుకుని, మారుమాట లేకుండా సొమ్ము తిరిగి ఇచ్చారు. "నే చెప్పలా?" అన్నారు అత్తగారు. ఏమనగలను? కారణం తప్పయినా తొందర ఒప్పు. భూమి కదలకపోతే ఆ పెట్టె గూట్లోంచి కదిలేది కాదు, నాకు ఫోను వచ్చేదీ కాదు.

ఇంతలోనే తేలిపోవడానికి కారణం గడువు. ఏ లోపమూ లేని వస్తువునైనా ఇన్ని రోజులలో వెనక్కి తీసుకోవాలని దుకాణాలకు చట్టం ఒక లెక్క పెట్టలేదు. అది అమ్మినవారు ఇచ్చిన మాట మాత్రమే. చెప్పినది ఒకటి, ఇచ్చినది ఒకటి అయితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్ళలోగా ఫిర్యాదు చేసుకోవచ్చు, నిజమే. కానీ గడువు దాటి, పెళ్ళికూతురు ఒకసారి చెవులకు పెట్టుకున్నాక, ఆ మూడు రాళ్ళూ దుకాణంలో పొదిగినవే, మధ్యలో ఎవరూ మార్చలేదని రుజువు చేయడం ఎవరి తరం? పద్నాలుగు రోజులలోపు కారణం చెప్పనక్కరలేదు. పదిహేనవ రోజు నుంచి సాక్ష్యం కావాలి.

ప్రయోగశాల వజ్రం నకిలీ కాదు గదా, అంత రాద్ధాంతమెందుకని కొందరు అడగవచ్చు. ఆ రాయి మీద నాకు కోపం లేదు. కోపమంతా దాని పుట్టుక దాచడం మీద. ఏ విశేషణమూ లేకుండా 'వజ్రం' అంటే సహజవజ్రమే అని 2015లోనే అంతర్జాతీయ ప్రమాణం 18323 నిర్దేశించింది. ప్రయోగశాల రాళ్ళకు సహజవజ్రాల కొలమానంలో రంగు, స్వచ్ఛతల శ్రేణులు ఇవ్వడం 2025 అక్టోబరు నుంచి జీ.ఐ.ఏ. మానుకుంది. రెండింటి ధరకూ పోలికే లేదు. కనుక రసీదులో 'సహజ' అనే ఒక్క మాట రాయించుకోవడం కొనేవాడి పని, రాయనంటే లేచి రావడం కూడా.

బావగారికి చివరకు నచ్చిన వాదం వేరొకటి. పొగాకు వేలంకేంద్రంలో ఆయన బేళ్ళను ఎన్నిసార్లు తిప్పి చూడలేదు? ఆకు రంగు, తేమ నచ్చకపోతే 'నోబిడ్' అని పక్కన పెడతారు. ఆయన వాటిని మళ్ళీ బండికెత్తుకుని ఇంటికి తెస్తారు. తనను అవమానించారని ఏనాడూ అనుకోలేదు, అది వ్యాపారం గదా అంటారు. అమ్మేటప్పుడు అంత పరీక్షకు తలవంచే రైతుకు కొనేటప్పుడు మొహమాటం దేనికి? తన సరుకును ఎదుటివాడు పరీక్షించడం ఎంత సహజమో, ఎదుటివాడి సరుకును తాను పరీక్షించడమూ అంతే. కాఫీ ఇచ్చినందుకు బదులుగా మనం ఇవ్వవలసింది కృతజ్ఞతే గాని రెండేళ్ళ పంట కాదు.

మేనకోడలు చివరకు ప్రయోగశాల రవ్వల దుద్దులే కొనుక్కుంది. ఆ పేరుతోనే, ఆ ధరకే, వేరే ప్రయోగశాల పత్రంతో. మిగిలిన సొమ్ము ఆ పిల్ల పేర బ్యాంకులో వేశారు. అత్తగారు ఈ పెట్టెను కూడా దేవుడి గూట్లో పెట్టారు. పెట్టనివ్వండి. మీ ఇళ్ళలోనూ ఏ గూట్లోనైనా అటువంటి పెట్టె ఉంటే, దండం పెట్టుకున్నాక ఒకసారి రసీదు తీసి తేదీ చూసుకోండి.